పదేళ్ల చేతిలో తుపాకి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పల్లె పాఠశాలలు చాలావరకు నవంబరు నెలాఖరున ఒక సోమవారం మూతపడి ఉంటాయి. క్యాలెండరు తిరగవేస్తే ఆనాడు పండుగ ఏదీ కనిపించదు. ‘థాంక్స్ గివింగ్’ అనే పంటల పండుగ అంతకుముందు గురువారంతోనే ముగిసి ఉంటుంది. 1963 నుండి 2018 వరకు అక్కడ రైఫిలుతో జింకలను వేటాడే రుతువు ఆ సోమవారం తెల్లవారుజామున మొదలయ్యేది. బడి తెరచినా పిల్లలు రారు. పిల్లలు వచ్చినా పాఠం చెప్పవలసిన పంతులుగారు అడవిలో ఉంటారు. అందువల్ల అధికారులు తామే సెలవు ప్రకటించి బడి పరువు కాపాడుకున్నారు. 2019లో ప్రారంభదినాన్ని శనివారానికి జరిపారు. అయినా పలుచోట్ల సోమవారపు సెలవు మాత్రం అలాగే కొనసాగుతున్నది.

తెలుగువారికి పెన్సిల్వేనియా అనగానే పిట్స్‌బర్గ్ నగరంలో 1970లలో వెలసిన వేంకటేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. ఆ నగరం విడిచి ఈశాన్యంగా రెండు మూడు గంటలు ప్రయాణం చేస్తే అలిగేనీ పీఠభూమి, కనుచూపుమేర అడవి. ఆ ప్రాంతపు కుటుంబాలలో కొడుకునో కూతురునో మొదటిసారి జింకవేటకు తీసుకొని వెళ్లడం ఒక సంస్కారం వంటిది. తాత వాడిన తుపాకిని బీరువాలోనుండి దించుతారు. తల్లి మేజోళ్లు రెండేసి జతలు తీసి పెడుతుంది. ఆ రోజు జరిగినది మంచైనా చెడైనా ఆ బిడ్డ ముసలితనం వరకు మరచిపోదు.

భారతీయ పాఠకునికి ఈ మాట వినగానే మనసు చివుక్కుమంటుంది. జింక అనగానే మన ఊహకు వచ్చేది కణ్వాశ్రమం. దుష్యంతుడు ఎక్కుపెట్టిన బాణానికి అడ్డుపడి, ఇది ఆశ్రమమృగం, చంపరాదని నిలువరించిన మునులు మనకు తెలుసు. అత్తవారింటికి బయలుదేరిన శకుంతల చెరగు పట్టి లాగిన లేడిపిల్లా తెలుసు. రాజస్థానంలో బిష్ణోయీ స్త్రీలు తల్లి చనిపోయిన జింకపిల్లలకు తమ చనుబాలు ఇచ్చి సాకడం లోకప్రసిద్ధం. మన చట్టమూ ఆ వైపే ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో వచ్చిన సవరణ కలిసి వినోదపు వేటకు దేశంలో తావు లేకుండా చేశాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు, జింక తెలంగాణ రాష్ట్రజంతువు. కాబట్టి ఇక్కడ చెప్పబోయేది మన నల్లమలలోనో కవ్వాలలోనో చూసి అనుసరించవలసిన ముచ్చట కాదు. ఇక్కడ అది శిక్షార్హమైన నేరం. అయినా ప్రాణం తీయగల ఆయుధాన్ని పసిచేతికి అందించేముందు ఒక సమాజం ఏమేమి ఆలోచించుకున్నదో తెలుసుకోవడం వృథా కాదు.

ముందుగా, అక్కడ వేట ఎందుకు నిషేధం కాలేదన్న ప్రశ్న వస్తుంది. విచిత్రమేమిటంటే వంద సంవత్సరాలకు పూర్వం పెన్సిల్వేనియాలో జింక దాదాపు అంతరించింది. కలపకోసం అడవులు నరికారు. అంగడిలో మాంసం అమ్మడానికి ఏడాది పొడుగునా కాల్చి చంపారు. 1895లో ఆ రాష్ట్రం వన్యమృగాల సంరక్షణకు ఒక కమిషన్ ఏర్పరచింది. 1906 మొదలు ఇతర రాష్ట్రాలనుండి జింకలను తెప్పించి అడవులలో విడిచిపెట్టింది. 1907లో ఆడజింకను చంపరాదని శాసనం చేసింది. ఫలితం ఆశించినదానికంటె ఎక్కువే వచ్చింది. జింకను తిని బ్రతికే తోడేళ్లూ కొండసింహాలూ పందొమ్మిదవ శతాబ్ది ముగిసేలోగానే అక్కడ లేకుండా పోయాయి. శత్రువు లేని జింక పెరిగి పెరిగి అడవినే మేసివేయసాగింది. అలిగేనీ అడవిలో శాస్త్రజ్ఞులు కొన్ని చోట్ల నేలకు కంచె కట్టి చూశారు. కంచె లోపల చెట్లకు మొలకలు లేచాయి. వెలుపల జింకలు ముట్టని ఫెర్న్ మొక్కలు తప్ప మరేమీ మిగలలేదు. రోడ్లమీద కార్లకు ఢీకొని చచ్చే జింకల సంగతి సరేసరి. నేడు అమెరికా మొత్తంలో తెల్లతోక జింకలు సుమారు మూడు కోట్లు ఉంటాయని అంచనా.

ఆల్డో లియోపోల్డ్ అనే అరణ్యశాస్త్రవేత్త యౌవనంలో తోడేళ్లను చూస్తే తుపాకి ఎత్తేవాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకు స్వర్గమవుతుందనుకున్నాడు. తోడేలు లేని కొండ జింకల చేతిలో ఎలా బోడి అయిందో కళ్లారా చూసిన తరువాత ఆయన అభిప్రాయం మారింది. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1949లో, వెలువడిన వ్యాససంపుటిలో ఆ పశ్చాత్తాపం చదవవచ్చు. తోడేలు చేయవలసిన పని ఇప్పుడు మనిషి చేయక తప్పదన్నది వేటను సమర్థించేవారి వాదం. దీనిని కాదనేవారూ అమెరికాలోనే కొల్లలుగా ఉన్నారు. వారు వేసే ప్రశ్న సూటిగానే ఉంటుంది. పెద్దలు చేయవలసిన పని పెద్దలు చేసుకోవచ్చు గదా, పదేళ్ల బిడ్డను ఇందులోకి లాగడం దేనికి?

దీనికి సమాధానంగా ఆ రాష్ట్రం నియమాలను చూపిస్తుంది. అక్కడ సొంత లైసెన్సు పొందడానికి కనీసం పన్నెండేళ్లు నిండాలి, శిక్షణ తరగతికి హాజరై పరీక్షలో ఉత్తీర్ణత పొందాలి. అంతకంటె చిన్నవారిని 2006 నుండి మరొక పద్ధతిలో అనుమతిస్తున్నారు. బిడ్డ వెంట ఇరవై యొక్క సంవత్సరాలు దాటిన, లైసెన్సు కలిగిన మార్గదర్శి ఉండాలి. ఒక పెద్ద, ఒక పిల్ల. ఇద్దరికీ కలిపి ఒకే ఆయుధం. నడుస్తున్నంతసేపూ తుపాకి పెద్దవారి చేతిలోనే ఉంటుంది. ఒకచోట స్థిరంగా కూర్చున్న తరువాతనే బిడ్డకు అందించవచ్చు. అప్పుడు బిడ్డ పెద్దవారు చేయి చాచితే అందేటంత దగ్గరలో ఉండి తీరాలి. చట్టాలు రాసేవారికి సాధారణంగా ఉండని ఇంగితం ఈ నియమంలో కనిపిస్తుంది. తండ్రి తాను వేటాడుతూ పక్కన బిడ్డను కూర్చోబెట్టుకోవడానికి వీలులేదు. ఆ పూట అతడు వేటగాడు కాడు, ఉపాధ్యాయుడు.

అటువంటి తండ్రులు అక్కడ వేలమంది. వారిలో ఒకరినీ, పదేళ్ల కుమార్తెనూ ఊహించుకుందాం.

వారి వేట నవంబరులో మొదలు కాదు, వేసవిలో మొదలవుతుంది. ముందు చిన్న తుపాకి, తరువాత భుజాన్ని ఎక్కువగా తన్నని 243 క్యాలిబర్ రైఫిలు. కానీ తొలి వారాలలో తూటా మాటే ఎత్తరు. ఖాళీదని తెలిసినా ప్రతి తుపాకినీ నిండుదిగానే భావించాలి. గొట్టం మూతి మనిషివైపు, ఇంటివైపు, తన పాదంవైపు తిరగరాదు. కాల్చడానికి నిశ్చయించుకునే క్షణం వరకు వేలు మీటమీద పడరాదు. భోజనాల బల్లవద్ద, కారులో, పెరటిలో తండ్రి ఈ మూడు మాటలే అడుగుతూ ఉంటాడు. అమ్మాయికి విసుగు పుడుతుంది, పుట్టాలి కూడా. ఎక్కాలు వచ్చినట్లు అవి నోటికి వస్తే తప్ప లాభం లేదు.

గురి నేర్పడంలో ఒక చిన్న ఉపాయం ఉన్నది. అమ్మాయికి తెలియకుండా తండ్రి ఒకసారి తూటా లేకుండా తుపాకిని చేతికి ఇస్తాడు. ఆమె మీట నొక్కుతుంది. చప్పుడు రాదు, కాని గొట్టం మూతి చటుక్కున కిందికి వాలుతుంది. రాబోయే శబ్దానికి దేహం ముందే బెదిరిందన్నమాట. ఆ బెదురు పోయేవరకు అడవి ప్రసక్తి లేదు. గురికి పెట్టేది తొమ్మిదంగుళాల కాగితపు పళ్లెం. జింక ముందుకాలి వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే ఉంటుంది. పది తూటాలలో పదీ ఆ పళ్లెంలో పడే దూరమే ఆ అమ్మాయి హద్దు. అది యాభై గజాలైతే యాభై గజాలే. జింక అరవై గజాల దూరాన నిలిచి నవ్వినా కాల్చరాదు.

ఇక శనివారం. నాలుగు గంటలకు లేవాలి. సూర్యోదయానికి అరగంట ముందునుండి మాత్రమే వేటకు అనుమతి. కాని చీకటిలోనే చేరి, అలికిడి లేకుండా కూర్చోవాలి. ఇద్దరి ఒంటిమీదా తలకూ, రొమ్ముకూ, వీపుకూ కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు బట్ట ఉండాలి. ఏ దిక్కునుండి చూసినా అది కనిపించాలి. జింక కంటికి ఆ రంగు ఆకుపచ్చనుండి వేరుగా తోచదు. మనిషి కంటికి అరమైలు దూరంనుండి కొట్టవచ్చినట్లు కనపడుతుంది. వేటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా కాపాడినవాటిలో ఈ గుడ్డ ముక్కకు పెద్ద వాటా ఉన్నది. వేటలో జరిగే ప్రమాదాలకు 1915 నుండి లెక్కలు ఉంచుతున్న ఆ రాష్ట్రంలో ఒక్క ప్రాణం కూడా పోని తొలి సంవత్సరం 2012.

చలి గడ్డకట్టిస్తుంది. తండ్రి చెట్టుకు ఆనుకుని కూర్చుంటే అమ్మాయి అతని మోకాళ్లమధ్య ఒదిగి కూర్చుంటుంది. గాలి తమవైపు వీస్తున్నదా, జింక వచ్చే వైపు వీస్తున్నదా చూసుకోవడం తండ్రి పని. మనిషి వాసన తగిలితే జింక రానే రాదు. పిల్లలను మొదటిసారి తెచ్చే తండ్రులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. తాము ఉదయం నుండి సాయంత్రం వరకు బిగదీసుకు కూర్చోగలరు గనుక పిల్లలూ కూర్చోవాలంటారు. రెండు గంటలకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆకలి వేస్తుంది, ఒంటికి పోసుకోవలసి వస్తుంది. ఏడుపు మొహం పెట్టిన బిడ్డను ‘వేటగాడు ఓర్చుకోవాలి’ అని గద్దించిన తండ్రి మరుసటి ఏడు ఒంటరిగా వెళ్లవలసినదే. తెలిసినవారు జేబునిండా చాక్లెట్లు, ఫ్లాస్కులో వేడి కోకో పోసుకు వస్తారు. బిడ్డ ఇల్లు చేరుదామన్న క్షణాన, అంతవరకూ జాడలేని జింక ఎదురుగా వస్తున్నా సరే, లేచి నిలబడతారు.

అదిగో, ఎండుటాకులమీద అడుగుల చప్పుడు. ఒకటి, రెండు, ఆగి మరొకటి. అమ్మాయి ఊపిరి బిగబడుతుంది. చప్పుడు దగ్గరవుతుంది. పొద వెనుకనుండి బయటికి వచ్చినది ఉడుత.

అడవిలో తొలి ఉదయం ప్రతి బిడ్డకూ ఈ అనుభవం తప్పదు. ఆ ఉడుతే గొప్ప గురువు. శబ్దాన్నిబట్టి, కదలికనుబట్టి, రంగు ఛాయనుబట్టి ఎన్నడూ కాల్చరాదు. జింక తల, దేహం, దాని వెనుక ఉన్న నేల కూడా స్పష్టంగా కనిపించాలి. ఈ సూత్రానికి అమెరికా పాఠ్యపుస్తకాలలో బొమ్మలు వేసి చూపుతారు. మనకు బొమ్మ అవసరం లేదు. సరయూతీరాన చీకటిలో బుడబుడమని వినిపిస్తే ఏనుగు నీరు త్రాగుతున్నదని నమ్మి యువరాజు దశరథుడు శబ్దభేది విద్య ప్రయోగించాడు. కడవ ముంచుతున్న మునికుమారుడు నేల కూలాడు. విద్యలో లోపం లేదు, గురి తప్పలేదు. చూడకుండా వేయడమొక్కటే దోషం. ఆ ఒక్క బాణం అయోధ్యకు ఎంత దుఃఖం తెచ్చిందో చెప్పనక్కరలేదు.

ఎనిమిదిన్నర ప్రాంతాన నిజంగా జింక వచ్చింది అనుకుందాం. ఆడజింక. దాన్ని కాల్చడానికి కావలసిన అనుమతిపత్రం అమ్మాయి పేర ఉన్నది. దూరం నలభై గజాలు. చెవులు కత్తెరలవలె కదులుతూ, ముక్కెత్తి గాలిని వాసన చూస్తూ నిలిచింది. అమ్మాయి గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటుందంటే దుర్భిణిలో జింక ఊగుతున్నట్లు తోస్తుంది. దీనికి అక్కడివారు ‘బక్ ఫీవర్’ అని పేరు పెట్టారు. ముప్పై ఏళ్ల అనుభవమున్నవారికీ వస్తుంది. తండ్రి ఆమె చెవిలో చెప్పవలసినది ఒక్కటే: ‘నీకు ఇష్టమైతేనే.’ అతడు ‘కొట్టు, కొట్టు’ అన్నాడంటే వేసవి నుండి నేర్పినదంతా గంగపాలు. ఆ నిమిషాన నిర్ణయం బిడ్డది కాకపోతే, తరువాత వచ్చే బరువును బిడ్డ మోయలేదు.

జింక వెనుక ఆ ఏడు పుట్టిన పిల్ల కనపడింది. అప్పటికది మేత మేస్తున్నది, తల్లి లేకున్నా బ్రతకగలదని తండ్రికి తెలుసు. అమ్మాయి కూడా పుస్తకంలో చదివింది. అయినా తల అడ్డంగా ఊపి తుపాకి దించుకున్నది. తెల్లని తోకలు రెండు జెండాలవలె లేచి చెట్లమధ్య మాయమయ్యాయి. ఇంటికి వెళ్లే దారిలో ఆ తండ్రి ఏమంటాడన్నదానిమీద చాలా ఆధారపడి ఉన్నది. ‘ఎంత మంచి అవకాశం పోగొట్టావు’ అంటే అమ్మాయి రెండవమారు తన ఇష్టానికి విరుద్ధంగానైనా కాలుస్తుంది, తండ్రిని సంతోషపెట్టడానికి. కనుక వివేకవంతుడు ఆ మాట ఎత్తడు. దారిలో ఆగి పాన్‌కేకులు తినిపిస్తాడు.

కొందరు పిల్లలు అంతటితో ఆగిపోతారు, మళ్లీ అడవికి రారు. అది ఓటమి కాదని అనుభవజ్ఞులైన తల్లిదండ్రులు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారూ ఉన్నారు, వారి ఇళ్లలో ఆ మౌనం చాలా ఏళ్లు నిలుస్తుంది. ఈ అమ్మాయి మాత్రం తరువాతి శనివారం తానే అడిగి వెళ్లింది. ఈసారి మగజింక, ఒంటరిది, పక్కవాటుగా నిలిచింది. తుపాకి పేలింది.

పేలిన వెంటనే పరుగెత్తరాదు. గాయపడిన జింక దగ్గరలోనే పడుకుంటుంది. తరిమితే లేచి మైలు దూరం పోయి పొదలలో నరకయాతన పడి చస్తుంది. అందుకని అరగంట కదలకుండా కూర్చోవాలి. ఈ అరగంటే ఆ రోజంతటిలో సుదీర్ఘమైనది. తరువాత ఆకులమీద నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ నడవాలి. ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురులో నురుగు ఉంటుంది. ముదురురంగులో ఉంటే గాయం కడుపులోనిది, ఇంకా ఎన్నో గంటలు ఆగవలసిందే. తూటా వేసినవారు జింకను వెతకకుండా విడిచిపెట్టడం వేటగాళ్లలో మహాపాపం. చీకటి పడినా, చలి ముదిరినా వెతకవలసినదే. వేట పట్ల ఎంత అయిష్టత ఉన్నవారైనా ఈ ఒక్క ఆచారాన్ని మెచ్చుకోక తప్పదు.

జింక అరవై అడుగుల దూరంలో పడి ఉన్నది. తండ్రి పొడవాటి కర్రతో దాని కంటిని తాకి చూస్తాడు. రెప్ప కదలకపోతే ప్రాణం లేనట్లు. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. అక్కడ చాలామంది పిల్లలు ఏడుస్తారు. సంతోషమూ దుఃఖమూ విడదీయరానంతగా కలిసి వస్తాయి. ఆ ఏడుపును ఆపబోవడం పెద్దల మూర్ఖత్వం. పదేళ్ల బిడ్డ చచ్చిన జంతువును చూసి ఏడ్వడం సక్రమమే. ఏడ్వని బిడ్డను గురించి ఆలోచించాలి గాని.

ఇక్కడొక పాత ఆచారం ఉన్నది. తొలి జింక నెత్తురును బిడ్డ నుదుట, చెంపలమీద పూస్తారు. విలియం ఫాక్‌నర్ 1942లో ప్రచురించిన ‘గో డౌన్, మోసెస్’ గ్రంథంలో పన్నెండేళ్ల ఐజాక్‌కు వృద్ధుడైన శామ్ ఫాదర్స్ అలాగే పూస్తాడు. అక్కడ అది ఒక దీక్ష. మార్జరీ కిన్నన్ రాలింగ్స్ ‘ది ఇయర్లింగ్’ నవలలో మరొక పిల్లవాడు తాను పెంచిన జింకనే చంపవలసి వచ్చి బాల్యాన్ని పోగొట్టుకుంటాడు. సాహిత్యంలో గంభీరంగా ఉన్న ఆ నెత్తుటి బొట్టు, నలుగురు పెద్దలు నవ్వుతూ ఫొటో తీయడానికి బలవంతంగా పూసినప్పుడు వెకిలిగా మారుతుంది. నేడు చాలామంది తల్లిదండ్రులు బిడ్డను అడిగి, వద్దంటే మానుతున్నారు.

తప్పించరానిది మాత్రం తరువాతి పని. అమ్మాయి తన పత్రంమీద బాల్‌పెన్నుతో తేదీ, సమయం, స్థలం రాయాలి. చలికి అక్షరాలు వంకరపోతాయి. జింకను కదిలించక ముందే ఆ పత్రాన్ని దాని చెవికి కట్టాలి. తండ్రి పొట్ట చీల్చి పేగులు తీస్తూ ఉంటే ఆమె వెనుకకాలు పట్టుకోవాలి. వేడి ఆవిరి పైకి లేస్తుంది. గుండె, కార్జం వేరుగా సంచిలో వేస్తారు. దుకాణంలో ప్లాస్టిక్ కాగితం చుట్టిన మాంసమే ఎరిగిన పిల్లకు అది ఎక్కడినుండి వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత ఆ వివరాలు కమిషన్‌కు పంపాలి.

ఈ ఆచారం ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పడం కష్టం. 1980ల తొలినాళ్లలో ఆ రాష్ట్రంలో వేట లైసెన్సులు దాదాపు 13 లక్షలు. ఇటీవల తొమ్మిది లక్షలకు లోపు. వేటగాళ్లు తగ్గితే అడవికీ డబ్బు తగ్గుతుంది. 1937 నాటి కేంద్ర శాసనం ప్రకారం రైఫిళ్లపైనా తూటాలపైనా విధించే 11 శాతం పన్ను వన్యప్రాణి రక్షణకే వెళుతుంది. పిల్లలను చేర్చుకోవాలని కమిషన్ తాపత్రయపడడంలో ఈ లెక్క కూడా ఉన్నదని విమర్శకులు అనేమాటలో నిజం లేకపోలేదు.

కొన్ని వారాలకు మాంసం తయారై వస్తుంది: ముక్కలు, కైమా, పొగపెట్టిన జింక బొలోనా. తండ్రి ఒక్కొక్క పొట్లంమీద తేదీ వేసి ఫ్రిజ్‌లో పెడతాడు. 1991లో పుట్టిన ‘హంటర్స్ షేరింగ్ ది హార్వెస్ట్’ అనే సంస్థద్వారా పేదల ఆహారకేంద్రాలకు మాంసం ఇచ్చేవారూ ఉన్నారు. క్రిస్మస్ సెలవులకు ముందు ఒకనాడు అమ్మాయి బొలోనా నాలుగు ముక్కలు డబ్బాలో సర్దుకొని బడికి వెళుతుంది. మధ్యాహ్నం పక్కన కూర్చున్న స్నేహితురాలు తాను తిననంటుంది. మరొకతె రెండు ముక్కలు తీసుకుంటుంది. మిగిలినవి అమ్మాయి తానే తింటుంది.